కొత్త చేప దిగేముందు

"ఈ నీలం చేప వద్దు మేడం," అన్నాడు నందిగామలో ఉప్పునీటి చేపలమ్మే బుల్లిబాబు. "మీ అక్వేరియం చిన్నది. అందులో ఉన్న పాత చేప ప్రతి మూలా తనదే అనుకుంటుంది. కొత్తదాన్ని కుదురుగా తిననివ్వదు."

ఉషశ్రీ అత్తగారి వంక చూడకుండా నవ్వు దాచుకుంది. జగ్గయ్యపేట నుంచి కాపురానికొచ్చి మూడు నెలలైంది. వంటింట్లో తను ఏ డబ్బా కదిపినా, "దాని చోటు అది కాదమ్మాయ్" అంటూ భారతీదేవి వెనకే వచ్చి సర్దేస్తుంది.

"రెంటికీ పొత్తు కుదిరే దారే లేదా అండీ?" అని అమాయకంగా అడిగింది.

"ఉంది. కొత్తది దిగేముందు లోపలి రాళ్ళన్నీ అటూ ఇటూ మార్చెయ్యండి. పాతదానికి తన చోటేదో తెలీదు. అదీ కొత్తగా వచ్చినట్టే తిరుగుతుంది. పోట్లాట గుర్తుకే రాదు."

"విన్నారా అత్తయ్యా?"

"నాకేం చెవుడు లేదు. ఆ చేపను కవర్లో వేయించు," అంది భారతీదేవి ముభావంగా.

సాయంత్రం ఇద్దరూ రాళ్ళు మార్చి నీలం చేపను వదిలారు. పాత చేప దాని జోలికి పోలేదు. తన గూడు వెతుక్కుంటూ తిరిగింది. భారతీదేవి చాలాసేపు అక్కడే కూర్చుని చూసింది.

మర్నాడు పొద్దున ఉషశ్రీ ఉప్మాకని పోపుల పెట్టె అందుకోబోతే అక్కడ కాఫీపొడి సీసా ఉంది. పంచదార ఉండాల్సిన చోట మినప్పప్పు ఉంది. అత్తగారి అడుగుల చప్పుడు విని గాభరాపడింది.

"నేనేం ముట్టుకోలేదత్తయ్యా."

"నేనే మార్చా," అంది భారతీదేవి కొంగు దోపుకుంటూ. "ఉప్పెక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు. నువ్వు ఆ అర చూడు, నేను ఈ అర చూస్తా."