కుడితి తొట్టి పక్కన రెండు మొక్కలు

ఆ పెరట్లో చెట్టన్నదే లేదు. గద్ద కంటపడకుండా పిల్లల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక కోడి చచ్చే చావు చస్తోంది. దాని పోరు పడలేక గాడిద నర్సరీ నుంచి ఒక వేప మొక్కనూ, ఒక సరుగుడు మొక్కనూ మోసుకొచ్చి, నల్ల కవర్లతో సహా కుడితి తొట్టి పక్కన దించింది.

"ఒక్కదానికే చోటుంది. వేపే నాటాలి, నీడ చల్లగా ఉంటుంది," అంది గేదె.

"అది ఎదిగేసరికి మనం ఉండం. సరుగుడైతే చకచకా లేస్తుంది," అంది గాడిద.

"ఏదో ఒకటి నాటి చావండి వదినా!" అంది కోడి.

"తొందరపడితే ఎలాగమ్మా? రేపు కూర్చుని మాట్లాడుకుందాం," అంది గేదె.

రేపూ అదే పాట. వానాకాలం వచ్చింది, పోయింది. కోడిపిల్లల్లో ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది.

"అయ్యో పాపం! అందుకే, చెట్టు సంగతి బాగా ఆలోచించి తేల్చాలంటున్నాను," అంది గేదె, కుడితి సగం తాగుతూ సగం ఒలకబోస్తూ.

ఆ ఒలికిన తడికి మొక్కల వేళ్లు కవర్లు చించుకుని నేలలోకి దిగిపోయాయి. మళ్లీ వానలు పడేసరికి రెండూ గేదె కొమ్ములు దాటి గుబురుగా లేచాయి. కోడి మిగిలిన పిల్లలతో వాటి కిందికి చేరిపోయింది.

గేదె మండిపడింది. "నా తొట్టి పక్కన నాటమని ఎవరు చెప్పారు? రెంటిలో ఏది కొట్టెయ్యాలో ఇప్పుడే తేల్చాలి!"

"తేల్చండి వదినా, ఈ నీడలోనే కూర్చుని తేల్చండి," అంది కోడి. "మీరు తేల్చేలోగా నా మనవలు కూడా ఇక్కడే పెరిగి పెద్దవుతారు."