మిగిలిన పదిహేడు రోజులు

రోజూ పొద్దున్నే నూకాలమ్మకి బైబిలు చదివి వినిపించే ముసలాయనకి తెలుగులో అక్షరం ముక్క రాదని ఎదురు క్వార్టరు బెంగాలీ ఆవిడ రాధారాణి అందట.

పుస్తకం మధ్యలో బంగ్లా నోటుబుక్కు పెట్టుకుని నోటికొచ్చింది చెబుతున్నాడనీ, రేపో మాపో ఆ గుడ్డి ముసలమ్మ చేత ఏ కాగితం మీదో వేలిముద్ర వేయించుకుపోతాడనీ కూడా అందట.

బంగ్లా గడ్డ మీది ఈ రైల్వే ట్రాఫిక్ కాలనీలో మాట కొళాయి దగ్గర బయల్దేరితే బిందె నిండేలోపు వీధి చుట్టొస్తుంది. జెనీ చెవిన పడేసరికి డిసెంబరు పద్నాలుగు.

జెనీ నూకాలమ్మ కోడలు. మొగుడు రాజ్ కిరణ్ పట్టాల పనిలో ఉండేవాడు. మూడేళ్ల కిందట పొగమంచులో బండి కింద పడి పోయాడు. ఆ తర్వాత రైల్వే ఆఫీసులో జెనీకి ఉద్యోగమిచ్చారు. ఆమె చదువంతా హిందీలో. తెలుగు మాటే గాని రాత తెలీదు.

షుగరు నూకాలమ్మ కళ్లు తీసుకుపోయింది. తను పోయేలోపు బైబిలు మొదట్నించి చివరిదాకా ఒక్కసారి వినాలని ఆమె కోరిక. రోజుకి మూడధ్యాయాలు, ఆదివారం అయిదు. ఏడాదికి పూర్తి.

జనవరి ఒకటిన ఆ ముసలాయన, సోమేశ్వరరావు, పక్కనున్న నిమ్‌పురా నుంచి సైకిలు మీద వచ్చాడు. చర్చివాళ్లు పంపుంటారనుకుంది జెనీ. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

గోడ మీది రాజ్ కిరణ్ ఫొటోకి వీపు పెట్టి కూర్చునేవాడు. టీ ఇస్తే వద్దనేవాడు. చదవడం అయ్యాక తన మాటగా ఒక్క ముక్క చెప్పి లేచేవాడు.

యోబు గ్రంథం ముగిసిన రోజు అన్నాడు: "అడిగినోడి మీద దేముడు కోప్పడనేదమ్మా. పక్కన కూకుని నీతులు సెప్పినోల్ల మీద కోప్పడినాడు."

ఆ మాటకి నూకాలమ్మ రెండ్రోజులు తనలో తనే నవ్వుకుంది.

ఆ పద్నాలుగో తారీఖున జెనీ ఆఫీసుకి వెళ్లినట్టే వెళ్లి వెనక్కొచ్చింది. ఆయన చేతిలోని పుస్తకం లాగింది. బంగ్లా నోటుబుక్కు జారి కింద పడింది.

"ఇదేటి తాతగారూ?"

"నాకు తెలుగు సదవడం రాదు తల్లీ. ఇక్కడే పుట్టినాను, బంగ్లా ఇస్కూల్లో వేసినారు. ఫోన్లో ఇని..."

"కళ్లు నేని మనిషి ముందు పేజీలు తిప్పుతా పదకొండు నెల్లు నాటకమాడినావా? అదీ దేముడి మాటతోటా?"

ఆయన నోరు తెరిచాడు. ఫొటో వైపు చూశాడు.

"రేపట్నించి రాకు."

"జెనీ," అంది మంచం మీంచి నూకాలమ్మ. "ఇంకా పదిహేడు రోజులే. రానీయే."

"నీకు తెలీదత్తా. నువ్వూరుకో."

సోమేశ్వరరావు చెప్పులేసుకున్నాడు. నోటుబుక్కు కోసం వంగనైనా లేదు.

మర్నాటి నుంచి జెనీ ఫోన్లో తెలుగు బైబిలు పెట్టింది. గొంతు బాగుంది, తప్పుల్లేవు. నూకాలమ్మ రెండో రోజే ఆపించేసింది.

"నానేడిస్తే అది ఆగదు. ఏటయిందమ్మా అనదు. కట్టీ."

క్రిస్మస్ మర్నాడు రాధారాణి కేకు తినడానికొచ్చింది. కిటికీలో పడున్న నోటుబుక్కు తీసింది.

"దేఖి, సూద్దాం, బుడ్డా ఏం గప్పాలు రాసినాడో."

పైకి చదవడం మొదలెట్టింది. అక్షరాలు బంగ్లా. నోట్లోంచి వస్తోంది తెలుగు. ఆ గ్రాంథికం తెలుగు ఆమెకే అర్థం కావడం లేదు. 'ప్రభువు'ని 'ప్రొభువు' అంటూ, తడుముకుంటూ పోతోంది.

నూకాలమ్మ లేచి కూర్చుంది.

"అది ఫిలేమోను పత్రిక. ఎల్లిపోయిన రోజు ఆ బాబు సదివిందే. ఒక్క మాట తప్పిపోనేదు. సదువు రాధా."

అధ్యాయం కింద ఎర్ర సిరాతో ఆయన సొంత మాట ఉంది. రాధారాణి కూడబలుక్కుని అదీ చదివింది: పారిపోయినోడు తిరిగొచ్చినాడంటే ఆడి గొప్ప కాదు, సేర్చుకున్నోల్ల గొప్ప.

జెనీ కేకు కోస్తున్న చాకు పక్కన పెట్టింది. రాధారాణి ఆమె మొహం వైపు చూడలేదు.

తెల్లారి జెనీ నిమ్‌పురా వెళ్లింది. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకుంది. తలుపు తీసింది ఆయన కూతురు మహతి. వెనక గోడకి సింహాద్రి అప్పన్న పటం. జెనీ తనెవరో చెప్పి ఆయన కోసం అడిగింది.

"నాన్నా? పోయి అయిదు రోజులండి. గుండె ఆగిపోయింది."

జెనీ ఆ పటం వైపు చూసింది. "మీరు... చర్చికెల్లరా?"

"మా ఇంట్లో ఎవులూ ఎల్లరు. నాన్న మీ ఇంటికి ఏటికొచ్చేవాడో మాకూ సెప్పనేదు. రోజూ సాయంత్రం ఫోను సెవికి పెట్టుకుని రాసుకునీవోడు. మీరు రావద్దన్నాక కూడా మాననేదు. పదిహేడు రోజుల రాత వారంలో రాసీసినాడు."

లోపలికెళ్లి రెండు నోటుబుక్కులు తెచ్చింది.

"ఆఖరి అధ్యాయం దాకా ఉన్నాయి. మీకిమ్మన్నాడు. మైలలో ఉన్నాం కదా, నానే రానేకపోయినాను."

జెనీ ఇంటికొచ్చి ఆ రెండూ అత్త ఒళ్లో పెట్టింది. చదవడానికని పిలిస్తే రాధారాణి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తాతగారు సచ్చిపోయినాడత్తా. మన చర్చి మనిషి కాదు, మనకి సుట్టం కాదు. ఏడాదంతా ఏటికొచ్చినాడో అడగనైనా నేదు నాను."

నూకాలమ్మ నోటుబుక్కుల అంచులు తడిమింది.

"నీ మొగుడు కింద పడిన బండి నడిపింది ఆ బాబే. మొదటి రోజే నా కాళ్లట్టుకుని సెప్పినాడు. నీకు సెప్పుంటే రానిచ్చుందువా?"