అవతలి గోడ దగ్గర చెయ్యి

ఒత్తులూ దీర్ఘాలూ తప్పిన చోట మీరే సర్దుకుని చదవండి. అరవై దాటాక నేర్చిన అక్షరాలు. ఒక్కో మాట దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటాను. ఆలస్యానికి మన్నించండి.

"స్క్వాడ్... హాల్ట్!"

ఇరవై మందిలో ఒక్కరూ ఆగలేదు.

ముందు వరస నేరుగా ముళ్లపొదల్లోకి నడిచిపోయింది.

"ఆగమన్నావా, ఆవులించావా?" అన్నాడు డ్రిల్ మాస్టారు.

"చెప్పానండీ. వాళ్లకి వినపడలేదు."

"వినపడనిది చెప్పడం కాదమ్మా, అనుకోవడం."

అందరూ పక్కున నవ్వారు. కాలేజీలో చదువుకుంటూ ఆర్మీ ఆఫీసర్ శిక్షణలో చేరిన ఆ అమ్మాయికి ఆ రోజే 'దోమ' అని పేరు పడింది.

మాస్టారు ఆమెను పక్కకి పిలిచాడు.

"నెలాఖరుకి కమాండ్ పరీక్ష. అందులో తప్పితే ఆఫీసర్ సెలక్షన్‌కి నీ పేరు పంపను. నా వల్ల కాదని ఇప్పుడే ఒప్పుకుంటే ఆఫీసు పనికి రాసేస్తాను. అక్కడ గొంతుతో పని లేదు."

"పరీక్షకే వస్తానండీ."

"ఏదీ, ఆ మాట గట్టిగా అను."

"వస్తానండీ!"

"ఆఁ? ఏమన్నావ్?"

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. కానీ దించుకోలేదు.

ఆమె తండ్రి రాత్రంతా మిల్లులో పనిచేసి పగలు పడుకునే మనిషి. ఒకటే గది. అందుకే ఇంట్లో గిన్నె కూడా చప్పుడు చేయకుండా పెరిగింది. గుసగుసగా ఆడుకుంది, గుసగుసగా ఏడ్చింది, పద్యాలు కూడా గుసగుసగానే అప్పజెప్పింది.

అరవడం ఆమెకి ఎవరూ నేర్పలేదు.

మైదానం అవతలి గోడ దగ్గర ఒక ముసలాయన రోజూ గడ్డి కోసేవాడు. ఆయనతో ఎవరూ మాట్లాడగా ఆమె చూడలేదు. మర్నాడు డ్రిల్ అయ్యాక ఆమె పరుగున ఆయన దగ్గరికి వెళ్లింది.

"తాతా, నేను ఆ జెండా కర్ర దగ్గర నిలబడి అరుస్తాను. బాగా వినపడితేనే ఇలా చెయ్యెత్తు. మొహమాటానికి ఎత్తకు. సరేనా?"

చెయ్యెత్తి చూపించింది.

ఆయన ఆమె మొహంలోకి తేరిపార చూసి తలూపాడు. ఆమె అంతే వేగంగా వెనక్కి పరిగెత్తింది.

"స్క్వాడ్... హాల్ట్!"

ఆయన కొడవలి ఆపి చూశాడు. చెయ్యెత్తలేదు.

నలభై సార్లు అరిచింది. నలభై సార్లూ అంతే.

తొమ్మిది గంటల క్లాసుకి బురద బూట్లతోనే పరిగెత్తింది.

"ఇది తరగతా, యుద్ధభూమా?" అన్నాడు లెక్చరర్.

"నాకు రెండూనండీ," అంది, లోగొంతుకతో.

రెండు వారాలు గడిచాయి. ఆ చెయ్యి లేవలేదు.

"తాత నిద్రపోతున్నాడేమోనే దోమా, వెళ్లి కుట్టు!" అన్నారు తోటివాళ్లు.

"కుడతాను. మీ దగ్గర్నుంచే మొదలుపెడతాను."

మూడో వారానికి గొంతు బొంగురుపోయింది.

"ఇంక నాలుగు రోజులుంది. వదిలెయ్యమ్మా," అన్నాడు మాస్టారు. ఈసారి నిజంగానే జాలిపడ్డాడు.

ఆ జాలి ఆమెకి ఒళ్లు మండేలా చేసింది.

"మీరు వదిలెయ్యండి మాస్టారూ. నేను వదలను."

విసవిసా జెండా కర్ర దగ్గరికి నడిచింది. వినపడుతుందా లేదా అన్న బెంగే లేదు ఆ పూట. వినకపోతే వాళ్ల ఖర్మ అన్నట్టు నిలబడింది.

"స్క్వాడ్... హాల్ట్!"

అవతలి గోడ దగ్గర చెయ్యి లేచింది.

నమ్మలేదు. మళ్లీ అరిచింది. మళ్లీ లేచింది.

పరీక్ష రోజున ఆమె ఒక్క కేకకి నలభై బూట్లూ ఒకే చప్పుడుతో నేల మీద పడ్డాయి.

"ఇది దోమ కాదర్రా," అన్నాడు మాస్టారు చెవి రుద్దుకుంటూ, "మిల్లు సైరను!"

తర్వాత కాలేజీ పరీక్షలు, ఆఫీసర్ సెలక్షన్, ఇంటర్వ్యూలు. ఊపిరి సలపలేదు. ఎంపికైనట్టు ఉత్తరం రాగానే అది పట్టుకుని అవతలి గోడ దగ్గరికి వెళ్లింది.

అక్కడ గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది.

గోడ వెనక చిన్న గది. గడపలో ముసలాయన భార్య కూర్చుని ఉంది.

"తాత ఏడీ అవ్వా?"

"పోయి పదకొండు రోజులైందమ్మా. నువ్వు... జెండా కర్ర పిల్లవి కదూ?"

అమ్మాయి ఉత్తరం మడిచేసింది.

"థాంక్స్ చెప్పుకోలేదు అవ్వా. మిగతావాళ్లంతా నవ్వారు. తాత ఒక్కడే నా గొంతు సరిగ్గా తూచాడు."

"గొంతు కాదమ్మా. మడమలు."

"మడమలా?"

అవ్వ లేచి, మునివేళ్ల మీద నిలబడి చూపించింది. "నువ్వు అరిచినప్పుడల్లా నీ మడమలు ఇలా లేచేవట. భయం ఉన్నవాళ్లు అలాగే ఎగురుతారని ఆయన లెక్క. రోజూ ఇంటికొచ్చి నాకు ఇలాగే చేసి చూపించేవాడు. అవి నేలకి ఆనిన రోజున మాత్రం ఎంత మురిసిపోయాడో!"

"మరి నేను వినపడితేనే చెయ్యెత్తమన్నాను కదా అవ్వా?"

"నీ పెదాలు చూసి అది తెలుసుకున్నాడమ్మా, కానీ ఏం చేస్తాడు? పుట్టిన దగ్గర్నుంచీ ఆయన చెవిన ఒక్క మాట కూడా పడలేదు."

— గడ్డి తాత భార్య, అరవై ఎనిమిదేళ్లు. ఉండేది ఆ గోడ వెనక గదిలోనే. నేను చూడనిదంతా ఆ అమ్మాయి చెప్పగా విన్నది.