నాయన పేరు

“నీకంటే ముందు ఇద్దరొచ్చి పోయినారమ్మా,” అన్నాడు నారాయణ, భుజం మీది టువాలు సర్దుకుంటూ. “ఒకాయప్పకు నోటిమాట తప్ప చేతుల బాస రాదు. ఇంకొకాయప్పకు చేతుల బాసే గానీ నోటిమాట లేదు, పాపం. ఆయప్ప చెప్పేది నాకు తెలీదు, నేను చెప్పేది ఆయప్పకు తెలీదు. ఇద్దరం కాఫీ తాగి లేస్తిమి. నీకు రెండూ వచ్చునా?”

“వచ్చు సార్. మా అమ్మానాన్నలకు వినపడదు. నేను ముందు నేర్చుకుంది చేతుల భాషే. తెలుగు ఆ తర్వాత, మా అవ్వ దగ్గర నేర్చుకున్నా,” అంది ప్రసన్న.

వినపడని పిల్లలకు పాఠాలు చెప్పే ప్రసన్న ఆ ఉదయమే నంద్యాలలో బస్సెక్కి ఆళ్ళగడ్డ వచ్చింది. ఇంటికొచ్చి ట్యూషన్ చెప్పాలని ఫోన్లో అన్నాడు నారాయణ. పాప కోసం ఆమె ఇల్లంతా కళ్ళతోనే వెతికింది.

“పాప ఎక్కడ సార్?”

“పూర్ణిమనా? మీ నంద్యాల్లోనే, హాస్టల్లో ఉంది. ఇప్పుడే పది పరీక్షలు రాసింది. ట్యూషన్ పాపకు గాదమ్మా, నాకు.”

యాభై దాటిన రైతు ట్యూషన్ చెప్పించుకుంటానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ప్రసన్నకు రాలేదు. తన తల్లిదండ్రులతో మాట్లాడాలని నాలుగు సైగలైనా నేర్చుకున్న చుట్టాన్ని ఆమె ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరినీ చూడలేదు.

“కాగితం మీద రాసుకుని మాట్లాడుకోవచ్చు కదా?”

“రాస్తాది. తిన్నావా అంటే తిన్నా అని రాస్తాది. ఇంటికొస్తావా అంటే కాగితం మడిచిపెడతాది. అదే స్నేహితురాండ్లతో ఐతే గంటలు గంటలు చేతులు నిలవవు. నా బిడ్డ అంత మాటకారి అని హాస్టల్ కిటికీలోనుంచి చూసి తెలుసుకుంటినమ్మా.” నారాయణ టువాలుతో ముఖం తుడుచుకుని మళ్ళీ భుజాన వేసుకున్నాడు. “ఆదివారం హాస్టల్ మూసేస్తారు. నేను పోతాండా. అదేమో ఇంటికి రాదంట, నంద్యాల్లోనే ఉండి కుట్టుపని నేర్చుకుంటాదంట. వార్డెనమ్మ చెప్పింది. దాని బాసలో నేనే అడగల్ల, ఇంటికి రా అని. అడిగితే వస్తాది.”

“ఇన్నేళ్ళూ ఎందుకు నేర్చుకోలేదు సార్?”

“చేతులు ఆడిస్తే నోరు పెగలదని ఎవురో డాక్టరు చెప్పినాడు. అప్పుడు దానికి నాలుగేండ్లు. తొమ్మిదేండ్లు వచ్చేదాంక చేతులు ఆడనియ్యకుండా చూసుకుంటి. ఐనా మాట రాకపాయె. ఇంగ హాస్టల్లో చేరిస్తి.”

గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతున్న అతని భార్య రంగనాయకమ్మ, చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

“సరే, ఇంటికి రా అని ఎట్ల చెప్పల్లో చూపించు,” అన్నాడు నారాయణ. అదే ఆమెకు ఇంటర్వ్యూ.

ప్రసన్న చూపించింది. పొలంలో మడకా పారా పట్టి మొద్దుబారిన వేళ్ళు ఆ కాస్త సైగకే తడబడ్డాయి. టువాలు జారిపోతుంటే తీసి అరుగు మీద పడేశాడు. ఏడో సారికి కుదిరింది.

“ముందు మీరెవరో చెప్పుకోవాలి సార్,” అంది ప్రసన్న. “ఈ భాషలో ప్రతి మనిషికీ ఒక చేతి పేరుంటుంది. ఆ మనిషిలో ఎదుటివాళ్ళకు బాగా గుర్తుండిపోయిందేదో దాన్నే పేరుగా పెట్టేస్తారు. పిల్లలు నన్ను ఇలా పిలుస్తారు.” గడ్డం మీది పుట్టుమచ్చను వేలితో తాకింది. “పూర్ణిమ వాళ్ళమ్మను ఏమంటుంది?”

నారాయణ ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు. “ముక్కుపుడక. పెరట్లో ఎనుముకేమో కొమ్ములు.”

“మరి మిమ్మల్ని?”

నారాయణ ముఖం చేటంతయింది. లేచి నిలబడి, రెండు మణికట్లూ ఒకదాని మీదొకటి అడ్డంగా వేసి గుండెకు ఆనించుకున్నాడు.

“హాస్టల్ గేటు కాడ నన్ను చూస్తానే పక్కపిల్లకు ఇట్ల చూపిస్తాది. పోయినప్పుడల్లా ఇంతే. వాటేసుకున్నెట్ల లేదూ? నోట మాట లేకపోతే ఏమి, బిడ్డకు నాయన మీద ప్రేమ యాడికి పోతాది?”

ఇలాంటి పేరు ప్రసన్న ఎక్కడా చూడలేదు. తన కళ్ళల్లో నీళ్ళు తిరగడం ఆమెకే తెలుస్తోంది.

“మీరు అదృష్టవంతులు సార్. ముందు ఈ పేరు చూపించండి. తర్వాత వచ్చాను అనండి. ఆ తర్వాత ఇంటికి రా అనండి. ఇంకేమీ అక్కర్లేదు.”

“నిన్నే పెట్టుకున్నానమ్మా. ఆదివారం దాంక దినామూ రా,” అన్నాడు నారాయణ. ఆమె చెప్పులు వేసుకునేలోపే పెరట్లోకి వెళ్ళి, ఎనుము ముందు నిలబడి మొదలుపెట్టాడు. మణికట్లు గుండె మీద. వచ్చాను. ఇంటికి రా. మళ్ళీ మణికట్లు గుండె మీద.

అరుగు మీది టువాలు చేతిలోకి తీసుకుని రంగనాయకమ్మ గేటు దాకా వెంట వచ్చింది.

“ఆ మొదటిది నేర్పొద్దమ్మా,” అంది మెల్లగా. “ఆదివారం బిడ్డ ముందర అది మాత్రం చేయనియ్యొద్దు.”

“ఎందుకమ్మా? అన్నిట్లోకీ అదే బాగుంది.”

“ఆయనకు తెలీదు. ఏడేండ్లుగా చెప్పలేక నేను లోపల్లోపల చస్తాండా.”

పెరటి వైపు ఒకసారి చూసి, రంగనాయకమ్మ తన రెండు మణికట్లూ ఒకదాని మీదొకటి అడ్డంగా పెట్టింది.

“మాటలు రావాలని, టువాలుతో దాని చేతులు ఇట్లనే కట్టేసేటోడమ్మా.”