కరిగిన గడ్డ

ఆ ఉదయానికి నా దగ్గరున్నవి: అంబాజీపేటలో కొబ్బరి కొట్టు, క్యాన్సర్ గడ్డను కరిగించే సూదిమందు నిన్ననే ఇంట్లో వేయించుకున్న నా భార్య సత్యవేణి, ఆమె మణికట్టుకి రక్తాన్ని చదివే పట్టీ. ఇప్పుడు ఊరందరికీ ఈ వైద్యం ఇళ్లలోనే.

తెల్లారేసరికి మెడ మీది గడ్డ సగమైంది. లాభసాటి మందే అనుకున్నాను. కాళ్లు లాగుతున్నాయనీ, రాత్రి నుంచి ఒంటేలు రాలేదనీ ఆమె అంటే, నీరసమనుకుని లేత బొండం కొట్టి ఇచ్చాను. మా వైపు జబ్బుమనిషికి మొదట ఇచ్చేది అదే.

గ్లాసు ఎత్తేలోపే పట్టీ ఎర్రబడింది. అందులోని కెమెరాలో మమ్మల్ని చూసి, ఆసుపత్రి నర్సు సుభాషిణి పట్టీలోంచే అరిచింది.

"తాగకండి పిన్నిగారూ! గడ్డ మరీ వేగంగా కరిగి, అందులోని పొటాషియమంతా రక్తంలోకి వచ్చేసింది. బొండంలో ఉండేదీ అదేనండి. గుండె ఆగిపోద్ది!"

"మందు పనిచేసినా తప్పేనా అమ్మా?" అన్నాను.

"కాయల లోడులన్నీ ఒకేసారి దిగితే మీ కొట్టు పట్టుద్దా బాబాయిగారూ? కిడ్నీలూ అంతే. ఆసుపత్రి బండి పంపుతున్నాను."

ఆ లెక్క నాకు తెలుసు. గ్లాసు లాక్కుని పారబోశాను. బండిలో వచ్చినవాళ్లు ఇంట్లోనే గుండె మీద ఓ కన్నేసి సెలైనూ మందులూ ఎక్కించారు.

సాయంత్రం ఆమె లేచి బాత్రూంకి వెళ్లింది. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. ధారగా చప్పుడు వినిపించింది.

"అక్కడేం కాపలా అండీ, సిగ్గులేదూ? పొండవతలికి!" అంది లోపల్నుంచి.

అంత లాభం నేను ఏ రోజూ చూడలేదు.