కాకి సొంత తెలివి

పెరట్లో పాత చీర మీద ఆరబోసిన గుమ్మడి వడియాలకు కుక్క కాపలా ఉంది. కునుకు తీసి లేచేసరికి వడియాలు పలచబడ్డాయి. పక్కనే కాకి ముక్కును గోడకు రాసుకుంటోంది.

"తినేశావా? ఇక ఈ పూట నాకు అన్నం పెట్టరు," అంది కుక్క దిగులుగా.

"నన్నేం చెయ్యమంటావన్నా? కాకిగా పుట్టాను. వడియం కనబడితే ముక్కు దానంతటదే పోతుంది. అందులో నా ఇష్టమేముంది?"

కుక్కకు జాలేసింది. "పాపం, పుట్టుకను ఎవరు మాత్రం తప్పించుకుంటారు."

గోడ మీది ఉడత ఊరుకోలేదు. "తిన్నది నీ పుట్టుకే అనుకుందాం కాకమ్మా. మరి ఖాళీ కనబడకుండా మిగతావాటిని ఎడంఎడంగా సర్దిందెవరు?"

కాకి రెక్కలు సవరించుకుంది. "అది మాత్రం అచ్చంగా నా సొంత తెలివి."

కుక్క జాలిపడడం మానేసి లేచి నిలబడింది.