గోడ విన్న మాట

ఆపరేషన్ అయినవాళ్ళందరికీ ఇప్పుడు ఇంటి గోడే నర్సు. నొప్పి ఉందని చెబితేనే మందుల అలమర తెరుస్తుంది. చివరగా విన్న మాటే దానికి ప్రమాణం.

పెద్దపేగు తీయించుకుని, దాని బదులు చిన్నపేగుతో లోపలే సంచి కుట్టించుకున్న వకుళ ఈ ఉదయం ఆరోసారి బాత్రూంలోంచి వంగిపోయి వచ్చింది. సంచి మళ్ళీ వాచింది.

"నొప్పి ఎంత?" అంది గోడ.

"తట్టుకోలేకపోతున్నాను."

అలమర గొళ్ళెం సగం కదిలింది. అంతలో భర్త సీతాపతి గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఎలా ఉంది వకుళా?"

ఏడాదిగా ఆయనకు చెప్పే జవాబే నోటికొచ్చేసింది.

"పర్లేదండీ. జావ అడుగంటుతుంది, చూసుకోండి."

గొళ్ళెం వెనక్కి పడింది.

"సంతోషం," అంది గోడ. "మళ్ళీ సాయంత్రం అడుగుతాను."